గేటు దాటాక ఎవరి డ్యూటీ?

“గేటు దాటాక నాకేం సంబంధం?”

పనివాడు డ్యూటీ దిగి ఇంటికెళ్తూ రోడ్డు ప్రమాదంలో పడితే, విజయవాడ ఆటోనగర్ వర్క్‌షాపుల్లో ఈ మాట నేను చాలామంది ఓనర్ల నోట విన్నాను. అన్నవాళ్ళంతా రాతిగుండెల మనుషులేం కాదు. దసరాకి బట్టలు పెట్టేవాళ్ళూ, పిల్లల ఫీజుకి అడగ్గానే అడ్వాన్సు ఇచ్చేవాళ్ళూ కూడా ఇదే అంటారు. అంత మామూలుగా అంటారు కాబట్టే దీనితో పేచీ పెట్టుకోవాలనిపిస్తుంది. విజయవాడలో కొన్ని చిన్న షెడ్లకి లెక్కలు చూడటం నా పని. జీతాల రిజిస్టరు రాస్తాను, ఈఎస్ఐ (కార్మికుల బీమా), పీఎఫ్ చలానాలు కడతాను. కాబట్టి ఆ గేటు లోపల ఏం రాసి ఉంటుందో, ఏం రాయకుండా వదిలేస్తారో నాకు బాగానే తెలుసు.

నా వాదన ఇది. పని నుంచి ఇంటికెళ్ళే దారిని పనివాడు ఎంచుకోడు. షెడ్డు ఎక్కడుండాలో, ఎన్నింటికి మూయాలో ఓనరు నిర్ణయిస్తాడు. నెలకి పదహారు వేలు ఇస్తే ఆ మనిషి పటమటలోనో, బెంజి సర్కిల్ దగ్గరో అద్దెకుండలేడు. కంకిపాడు పోతాడు, ఉయ్యూరు పోతాడు, కొండపల్లి పోతాడు. అంటే అతను రోజూ ఎన్ని కిలోమీటర్లు తిరగాలో కూడా ఆ జీతమే చెప్పేసినట్టు. పండగ ముందు ఓటీ అంటే రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది. ఆ వేళకి బస్సు కోసం నిలబడితే ఇల్లు చేరేసరికి పిల్లలు పడుకునుంటారు. అందుకని బండి కొంటాడు, అదీ వాయిదాల మీద. పదకొండు గంటలు లేత్ ముందు నిలబడ్డ కాళ్ళతో, లారీల హెడ్‌లైట్ల ఎదురు వెలుతుర్లో, బందరు రోడ్డు మీద ఇంటికెళ్తాడు. ఇందులో అతని ఇష్టప్రకారం జరిగింది ఏదన్నా ఉంటే, అది బండి రంగు.

అలాంటప్పుడు పడ్డాక మాత్రం “అది నీ సొంత ప్రయాణం” అనడం ఏం న్యాయం?

కోర్టులు చాలాకాలం ఇంచుమించు ఇదే అన్నాయి. 1923 నాటి నష్టపరిహార చట్టంలో పరిహారం రావాలంటే ప్రమాదం పని వల్ల, పనిలో ఉండగా జరగాలి. పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందన్నదే తగువు. 1958లో సుప్రీంకోర్టు ముందుకి పోర్‌బందర్ ఉప్పు కార్మికుల కేసొకటి వచ్చింది. పని ముగించుకుని వాగు దాటి ఇళ్ళకెళ్తుంటే పడవ మునిగి కొందరు చనిపోయారు. పడవ అందరూ ఎక్కేదే, కంపెనీది కాదు, కాబట్టి కంపెనీ బాధ్యత లేదన్నారు. ఉప్పు గుట్టల నుంచి ఊళ్ళోకి పడవ కాక ఇంకో దారీ ఉంది, కాకపోతే ఆరేడు మైళ్ళ చుట్టు. 1963లో బొంబాయి బస్సు డ్రైవరు కేసు. డ్యూటీ దిగి, వేరే సర్వీసు బస్సెక్కి ఇంటికెళ్తూ ప్రమాదంలో చనిపోయాడు. బస్సు తన సంస్థదే, అందులో ప్రయాణం అతని ఉద్యోగంతో ముడిపడినదే కాబట్టి పరిహారం ఇమ్మన్నారు. అంటే సంస్థ బండెక్కితే కార్మికుడు, జనం బండెక్కితే జనం. 1996లో ఇంకా గట్టిగా మూశారు. షిఫ్టుకి సైకిలు మీద వెళ్తున్నవాణ్ణి ఫ్యాక్టరీకి కిలోమీటరు దూరంలో లారీ గుద్దింది. అది ఉద్యోగ ప్రమాదం కాదని తీర్పు. కిలోమీటరు! ఆటోనగర్ గేటు నుంచి అంత దూరం వెళ్తే ఇంకా ఆటోనగర్‌లోనే ఉంటాం.

ఆ తర్వాత ఈఎస్ఐ చట్టాన్ని సవరించారు. 2010 జూన్ 1 నుంచి అందులో 51ఈ అనే సెక్షన్ వచ్చింది. ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి వెళ్ళేటప్పుడు జరిగే ప్రమాదాన్ని కూడా ఉద్యోగ ప్రమాదంగానే చూస్తారు. షరతొక్కటే, ప్రమాదం జరిగిన పరిస్థితులకీ, సమయానికీ, చోటుకీ ఉద్యోగంతో సంబంధం కనిపించాలి. ఈఎస్ఐ ఉన్నవాడికి సరే. లేనివాడికి? 1923 చట్టంలో ఆ మాట లేదు. ఒకే రోడ్డు మీద, ఒకే వేళకి ఇద్దరు పడితే ఈఎస్ఐ కార్డున్న మనిషి కార్మికుడయ్యాడు, కార్డు లేనివాడు దారినపోయేవాడిగానే మిగిలాడు.

ఆ తేడాని 2025 జులై 29న సుప్రీంకోర్టు చెరిపేసింది. మహారాష్ట్రలో ఒక చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్. తెల్లవారుజామున మూడింటి డ్యూటీకి బండి మీద బయల్దేరి, ఫ్యాక్టరీకి అయిదు కిలోమీటర్ల దూరంలో ప్రమాదంలో చనిపోయాడు. అది 2003. భార్య, నలుగురు పిల్లలు, తల్లి మిగిలారు. కింద నష్టపరిహారం కేసులు విచారించే కమిషనర్ 3,26,140 రూపాయలు, మీద 12 శాతం వడ్డీ ఇమ్మంటే, 2011లో హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టు దాన్ని తిరిగి నిలబెట్టింది. ఆ మనిషి వాచ్‌మన్, మూడింటికి అక్కడుండాలి, అందుకే ఆ వేళప్పుడు ఆ రోడ్డు మీదున్నాడు, ఇంతకన్నా సంబంధం ఏం కావాలి? 51ఈలో ఉన్న అర్థాన్నే 1923 చట్టానికీ చెప్పుకోవచ్చని, అది పాత ప్రమాదాలకీ వర్తిస్తుందని తేల్చారు. న్యాయం గెలిచిందని పేపర్లలో వచ్చింది. గెలిచింది, కాదనను. అప్పటికి ఇరవై రెండేళ్ళు. నాన్న పోయినప్పుడు బడికెళ్ళే పిల్లలు ఈపాటికి తమ పిల్లల్ని బడికి పంపుతుంటారు.

తర్వాత 2025 నవంబర్ 21న, 1923 చట్టం, ఈఎస్ఐ చట్టం రెండిటి స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకొచ్చింది. రాకపోకల ప్రమాదాన్ని నష్టపరిహారం అధ్యాయంలోనే రాసేశారు. కాబట్టి చట్టంలో ఉందా లేదా అనే తగువు అయిపోయింది. ఇప్పుడు తగువంతా ఆ “సంబంధం” అనే మాట దగ్గరే. గేటు దాటాక నాకేం సంబంధం అని ఓనరు అన్నది కూడా అదే మాట, గమనించారా? సంబంధం ఉందని చూపించాల్సింది ఎవరు? పోయినవాడి భార్య. చూపించే కాగితాలు ఎవరి దగ్గరున్నాయి? ఓనరు దగ్గర.

ఇక్కడ నేను చూసినదొకటి చెప్పాలి. ఒక షెడ్డులో లేత్ మీద చేసే మనిషి, నలభై నిండినవాడు, దసరా ముందు ఓటీ చేసి ఇంటికెళ్తూ పోరంకి దాటాక ఇసకలో బండి స్కిడ్ అయి పడ్డాడు. తలకి దెబ్బ. ఆసుపత్రిలో చేర్చింది దారిన పోయేవాళ్ళు, పరిగెత్తుకొచ్చింది బావమరిది. డ్యూటీ డాక్టరు ఏం జరిగిందని అడిగితే “విజయవాడ పనుండి వెళ్ళి వస్తున్నాడండీ” అన్నాడు ఆ కుర్రాడు. అతని దృష్టిలో అందులో తప్పేముంది? రాత్రి పదకొండింటికి, చొక్కా అంతా బావ రక్తంతో ఉన్నప్పుడు, మాటలు ఏరుకుని మాట్లాడతారా ఎవరన్నా? ఆసుపత్రి రికార్డులో “సొంత పనిపై వెళ్ళి వచ్చుచుండగా” అని పడింది. పోలీసు స్టేషన్లోనూ అదే. మనిషి దక్కలేదు. ఆ ఒక్క ముక్క మాత్రం ప్రతి కాగితంలోకీ పాకింది: ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్టు. షెడ్డులో హాజరు పుస్తకం ఉంది. వచ్చినట్టు సంతకం ఉంటుంది గానీ, వెళ్ళిన టైము రాసే కాలమే లేదు.

ఇలా ఒంటరిగా పడ్డవాడి కష్టం ఇంకోటుంది. ఎదుటి బండి లేదు కాబట్టి ఎదుటి బండి ఇన్సూరెన్సు లేదు. లారీ గుద్ది ఉంటే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. ఇక్కడ గుద్దింది ఇసక. సొంత బండికి ఓనర్-డ్రైవర్ కవర్ 15 లక్షలు ఉంటుంది గానీ, బండి తన పేరు మీదుండాలి, లైసెన్సు ఉండాలి, పాలసీ బతికుండాలి. వాయిదాలకే సరిపోని జీతంలో గడువు తీరిన పాలసీని మళ్ళీ ఎంతమంది కడుతున్నారో బండి పక్కన ఆపి చూసే ట్రాఫిక్ కానిస్టేబుల్‌ని అడగండి. అందుకే అంటున్నా, పని దారిలో పడ్డవాడికి చాలాసార్లు ఉద్యోగ పరిహారం ఒక్కటే దిక్కు.

ఆ కుటుంబానికి ఏం వచ్చింది? పెద్దమనుషులు కూర్చుని రెండు లక్షలు ఇప్పించారు. స్టాంపు కాగితం మీద “ఇకమీదట ఎట్టి తగవులు లేవు” అని భార్య చేత సంతకం పెట్టించారు. ఆ కాగితానికి చట్టంలో విలువ లేదు. కార్మికుడు చనిపోతే పరిహారాన్ని యజమాని కమిషనర్ దగ్గర జమ చెయ్యాలి, చేతికిచ్చిన డబ్బు పరిహారం కింద లెక్కలోకి రాదు. మూడు నెలల జీతం దాకా ఇచ్చిన అడ్వాన్సుకే మినహాయింపు. హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న ఒప్పందం చెల్లదని 1923 చట్టంలోనే 17వ సెక్షన్ చెప్పింది. ఇవి కొత్త రూల్సేం కావు! మన పెద్దమనుషులకి మాత్రం ఇంకా చేరలేదు. లెక్క ప్రకారం రావాల్సిందెంతంటే, ఆ చట్టంలో నెల జీతాన్ని 15,000 దాకా పరిగణించేవారు, అందులో సగం 7,500, నలభై ఏళ్ళ వయసుకి పట్టికలో ఉన్న అంకె 184.17. గుణిస్తే 13,81,275 రూపాయలు. నెలలోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే పరిహారంలో సగం దాకా జరిమానా. రెండు లక్షలు పుచ్చుకుని దణ్ణం పెట్టి వెళ్ళిందా అమ్మాయి. కేసు వేద్దామని ఒకరిద్దరు అన్నారు గానీ, షెడ్డులో ఆమె తమ్ముడు కూడా పనికి కుదిరాడు. రెండేళ్ళ గడువు అట్లాగే దాటిపోయింది.

ఈఎస్ఐ లేదా అంటారేమో. పదిమంది ఉంటే ఈఎస్ఐ. ఆటోనగర్‌లో కాగితం మీద తొమ్మిదిమందితో నడిచే షెడ్లు ఎన్నో. ఇన్‌స్పెక్షన్ వస్తే పదోవాడు ఎప్పుడూ “నిన్ననే వచ్చాడండీ”. పదహారు వేల జీతానికి కార్మికుడి వాటా 0.75 శాతం అంటే 120 రూపాయలు, ఓనరు వాటా 3.25 శాతం అంటే 520. షెడ్డులో ఒక మనిషికి నెలంతా తాగించే టీల ఖర్చు ఇంతకన్నా ఎక్కువే. ఆ 520తో పని దారిలో ప్రమాదానికి కూడా బాధ్యత ఈఎస్ఐ కార్పొరేషన్ మీదికి పోతుంది, సగటు జీతంలో 90 శాతం లెక్కన కుటుంబానికి నెలనెలా డబ్బొస్తుంది, ఇన్నాళ్ళు చందా కట్టి ఉండాలన్న షరతు కూడా దీనికి లేదు. ఓనరుకి ఇంత చవగ్గా దొరికే నిశ్చింత ఇంకోటి లేదు. అయినా దాచుకుంటారు. పేరెక్కించకుండా దాచినంత మాత్రాన పనివాడి హక్కు పోదు, కార్పొరేషన్ చెల్లించి ఓనరు దగ్గర వసూలు చేసుకునే వీలుంది. కానీ ఆ సంగతి ఓనరుకి నాలాంటివాడు చెబితే తెలియాలి, పనివాడికి ఎవరు చెబుతారు?

గుంటూరు వైపు పోతే ఇది ఇంకో రకంగా కనిపిస్తుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా మిర్చి యార్డూ, దాని చుట్టూ కోల్డ్ స్టోరేజీలూ జనంతో కిటకిటలాడతాయి. తొడిమలు తీయడానికీ, కాయలు ఏరడానికీ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు ఆటోల్లో వస్తారు. డ్రైవరుకి అటొకరు ఇటొకరు, వెనక సీట్లో ఒళ్ళో ఒకరు, కడ్డీ పట్టుకుని వేలాడుతూ ఇంకొకరు. ఆటో మాట్లాడేది మేస్త్రీ, కిరాయి కూలీలో కోసేది మేస్త్రీ, రేపు ఎక్కడికి రావాలో రాత్రి ఫోన్ చేసి చెప్పేదీ మేస్త్రీయే. ఇది ఆమె సొంత ప్రయాణం ఎట్లా అవుతుంది? యజమాని ఏర్పాటు చేసిన బండి అన్న లెక్కన పాత తీర్పుల్లో కూడా దీనికి బలం ఉంది. క్యాజువల్ కూలీ అన్న సాకుకి పాత చట్టంలో కాస్త చోటుండేది, 2000 సవరణలో ఆ మాటలు కూడా తీసేశారు. అయినా ఆటో బోల్తాపడితే ఎక్స్‌గ్రేషియా గురించే మాట్లాడతారు. నాయకులు వస్తారు, ఫొటోలు పడతాయి, చెక్కు ఇస్తారు. “వీళ్ళు ఎవరి దగ్గర పనికెళ్ళి వస్తున్నారు?” అని అడిగినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. ఆ ప్రశ్న వేస్తే స్టోరేజీ వాళ్ళు వ్యాపారిని చూపిస్తారు, వ్యాపారి మేస్త్రీని చూపిస్తాడు, మేస్త్రీ పక్క మంచం మీద కాలికి కట్టుతో ఉంటాడు. పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఆమె పనికెళ్ళిందని చెప్పగలిగేవాళ్ళు అదే ఆటోలో ఉన్న మిగతా ఆడవాళ్ళు. వాళ్ళలో సగంమందికి స్పృహ ఉండదు.

పని ఇచ్చినవాడూ కూలీ ఇచ్చేవాడూ వేరైనా అసలు యజమాని తప్పించుకోలేడని 1923 చట్టం 12వ సెక్షన్ అనేది, కొత్త కోడ్‌లోనూ ఆ నియమం ఉంది. ముందు అసలు యజమాని కట్టాలి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలి. మిర్చి ఘాటుకి దగ్గుతూ రోజంతా కూర్చున్న మనిషికి ఈ నియమం ఉందని తెలిస్తే చాలా మారుతుంది.

ఓనర్ల వైపు మాటా వినాలి. “తాగి పడితే కూడా నేనే కట్టాలా?” అని తప్పకుండా అంటారు. గాయంతో బయటపడ్డ మామూలు కేసుల్లో, ప్రమాదానికి నేరుగా తాగుడే కారణమైతే కట్టక్కర్లేదు. మరణం, పూర్తి వైకల్యం అయితే మాత్రం ఆ సాకు చెల్లదు, ఎందుకంటే అప్పుడు శిక్ష పడేది తాగినవాడికి కాదు, వాడి పిల్లలకి. “కూరగాయల కోసం రైతుబజారు దగ్గర ఆగి, అక్కడ పడితే?” ఇది మాత్రం నిజమైన ప్రశ్నే, కోర్టులు కేసు కేసుకీ తేల్చాల్సిందే. నా మట్టుకు నాకు, దారిలో కూరగాయలు కొనడం ఇంటికెళ్ళడంలో భాగమే. సినిమాకెళ్ళి అర్ధరాత్రి వచ్చేవాడి సంగతి వేరు. జర్మనీలో 1925 నుంచే రాకపోకల ప్రమాదాలకి బీమా ఉంది. ఉద్యోగానికెళ్తూ పిల్లల్ని దింపడానికి పక్కకి మళ్ళిన దారిని కూడా అక్కడి చట్టం పని దారిగానే చూస్తుంది. మన దగ్గర బిడ్డని అమ్మమ్మ ఇంట్లో వదిలి షాపుకెళ్ళే అమ్మాయికి ఆ మాత్రం దక్కకూడదా?

వీటన్నిటికన్నా గట్టి అభ్యంతరం వేరేది. నలుగురితో నడిచే షెడ్డుకి పద్నాలుగు లక్షల పరిహారం పడితే ఆ షెడ్డు మూతపడుతుంది, మిగతా ముగ్గురూ రోడ్డున పడతారు. ఇది బెదిరింపు కాదు, బ్యాలెన్స్ షీటు చూసేవాడిగా చెబుతున్నా, నిజం. కానీ దానికి విరుగుడు బాధ్యత లేదనడం కాదు, బీమా తీసుకోవడం. పదిమంది కన్నా తక్కువ ఉన్నవాళ్ళకి కూడా ఉద్యోగుల నష్టపరిహారం పాలసీలు ఇన్సూరెన్సు కంపెనీలు అమ్ముతాయి. అది తప్పనిసరి కాదు, కాబట్టి ఎవరూ కొనరు. రోడ్డెక్కే ప్రతి స్కూటరుకీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి చేసిన దేశం, మనుషుల్ని పనిలో పెట్టుకునే షెడ్డుకి ఎందుకు చెయ్యదు? స్కూటరు గుద్దితే ఒకడికి దెబ్బ. షెడ్డు రోజూ నలుగుర్ని పొద్దున్నా, రాత్రీ రోడ్డు మీదికి పంపిస్తుంది.

పైగా రోజులు ఏ వైపు పోతున్నాయి? 2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం రోజువారీ పని గంటల పరిమితిని తొమ్మిది నుంచి పదికి పెంచడానికి ఆమోదం తెలిపింది. ఆడవాళ్ళ రాత్రి షిఫ్టులకీ దారి తెరిచింది. పెట్టుబడులు రావాలి, రానివ్వండి. కానీ లోపల పెంచిన ప్రతి గంటా బయట రోడ్డు మీద అలసటగా తేలుతుంది, ఆ అలసటకి ఖాతా ఎవరి పేరున తెరవాలో కూడా అప్పుడే రాసుకోవాలి. ఇక బెంజి సర్కిల్ దగ్గర యాప్‌లు చూసుకుంటూ నిలబడే డెలివరీ కుర్రాళ్ళని కొత్త కోడ్ ఉద్యోగులుగా లెక్కెయ్యలేదు. వాళ్ళ కోసం కంపెనీల టర్నోవరులో 1 నుంచి 2 శాతం నిధికి కట్టించే ఏర్పాటుంది. ఆఖరి ఆర్డరు ఇచ్చి యాప్ మూసి ఇంటికెళ్ళే దారి ఎవరిదో, దాని మీద ఇంకో వ్యాసం రాయాలి.

చెయ్యాల్సింది పెద్దదేం కాదు. నన్నడిగితే సంబంధం లేదని చూపించాల్సిన బరువు ఓనరు మీద ఉండాలి. డ్యూటీ దిగిన టైముకీ, ఇంటి దూరానికీ సరిపోయేలా ప్రమాదం జరిగితే, అది పని దారేనని ముందే అనుకోవాలి. కాదంటే ఓనరు రుజువు చేసుకోవాలి. అది చట్టంలో వచ్చేలోపు ఇళ్ళల్లో చెప్పుకోవాల్సింది ఒకటుంది. ఆసుపత్రిలో మొదట అడిగినప్పుడే “డ్యూటీ దిగి ఇంటికొస్తున్నాడు, ఫలానా చోట పని” అని చెప్పాలి, రాశారో లేదో చూసుకోవాలి. మేస్త్రీ పంపిన మెసేజీలు, ఫోన్‌పేలో పడ్డ కూలీ, ఆ సాయంత్రం ఓనరు చేసిన కాల్, ఏదీ చెరపకూడదు. తర్వాత కార్మిక శాఖ ఆఫీసులో కమిషనర్ ముందు నిలబడ్డ రోజున ఇవే సాక్షులు. లాయరు కన్నా ముందు ఫోన్ భద్రం.

నేను లెక్కలు చూసే షెడ్లలో ఈమధ్య హాజరు పుస్తకంలో వెళ్ళిన టైముకి ఒక కాలమ్ గీయమని అడుగుతున్నాను. కొందరు సరే అన్నారు, వాళ్ళకి ఇన్సూరెన్సు ఏజెంటు నంబరు కూడా ఇచ్చాను. ఒకాయన మాత్రం పుస్తకం తిప్పి తిప్పి చూసి, “వెళ్ళిన టైము రాస్తే ఓటీ గంటలు కూడా బయటపడతాయి కదండీ” అన్నాడు.

పడతాయండీ.